మా మల్లి కోసం అర్ధరాత్రి వచ్చిన పెద్దాయనకి, రాజాకి

మా కుక్క మల్లి ఈరోజు పొద్దున తనంతట తనే లేచి వెళ్లి నీళ్లు తాగింది. నాలుగు రోజుల తర్వాత. చిగుళ్లు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు, కానీ తెల్ల కాగితంలా మాత్రం లేవు. మంగళవారం దాని పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, 11. నిన్న రాత్రికి 24. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, రాతలో తప్పులుంటే మన్నించండి. ఇది మాత్రం ఇప్పుడే రాయాలి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. జనం వదిలేసిన లాబ్రడార్లని తెచ్చుకుని శంకర్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డులో చూసుకుంటున్నాం. ప్రస్తుతం పద్నాలుగు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా కుక్కపిల్లల్ని అమ్ముకునేవాళ్లు ఈతలు అయిపోయాక పారేసిన ఆడకుక్కలే. మల్లి రెండేళ్ల కింద ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద వానలో దొరికింది. పొదుగు వేలాడిపోయి, పొట్ట మీద ఆపరేషన్ గాట్లు, మెడ చుట్టూ గొలుసు ఒరిసి వెంట్రుకలు లేవు. పళ్లు చూసి డాక్టరు గారు ఏడేళ్లు ఉంటాయన్నారు. అంటే ఇప్పుడు తొమ్మిది.

మా దగ్గర రోజూ సాయంత్రం అన్నం పెట్టేముందు గోమార్లు (పిడుదులు) ఏరడం ఉంటుంది. వేళ్ల సందులు, చెవుల లోపల, మెడపట్టీ కింద, తోక మొదట్లో వెతికి, పట్టకారుతో లాగి కిరోసిన్ డబ్బాలో వేస్తాం. గోడల పగుళ్లలో గుడ్లు పెట్టకుండా సున్నం కొడతాం. అయినా వానాకాలం వస్తే ఎక్కడినుంచి వస్తాయో తెలీదు. ఈసారి గోమార్ల మాత్రలు పది రోజులు ఆలస్యం చేశాను, డబ్బు సర్దుబాటు కాక. ఆ పది రోజులు నన్ను ఇంకా వదలడం లేదు.

సోమవారం రాత్రి మల్లి గిన్నె ముట్టలేదు. లాబ్రడార్ గిన్నె వదిలేసిందంటే ఇక ఆలోచించేది లేదు, బండి తీయాల్సిందే. తెల్లారేసరికి ముక్కు నుంచి రక్తం. రక్తపరీక్షలో ఎర్లీషియా, బాబీసియా రెండూ ఉన్నాయి, రెండూ గోమార్ల వల్ల వచ్చే జబ్బులే. సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారు చెప్పేశారు: ఈ రాత్రికి రక్తం ఎక్కించకపోతే కష్టం.

రక్తమిచ్చే కుక్కకి పాతిక కిలోల పైన బరువుండాలి, వయసు ఒకటి నుంచి ఎనిమిదేళ్ల లోపు ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, దానికి గోమార్ల జ్వరం ఉండకూడదు. మా షెడ్డులో అలాంటిది ఒక్కటీ లేదు. ఉన్న ప్రతి గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఆరుగురు ఫోన్ చేశారు. అందరూ మంచివాళ్లే, వాళ్లని తప్పు పట్టను. కానీ ఆరుగురూ అడిగిన మొదటి మాట ఒకటే, "మీ కుక్క వయసెంత?" తొమ్మిది అనగానే, ఇంట్లో అడిగి చెప్తామన్నారు.

రాత్రి తొమ్మిది దాటాక ఇంకో ఫోన్. పెద్ద గొంతు. "బిడ్డా, కుక్కను ఖాళీ కడుపుతోని తేవాల్నా, తినిపించి తేవాల్నా?" అని అడిగారు. అంతే. వయసు అడగలేదు, ఏ జాతి అని అడగలేదు, నేనెవరో కూడా అడగలేదు.

ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారట. ఉప్పల్ నుంచి, నగరం ఆ కొస నుంచి ఈ కొసకి, తన జర్మన్ షెపర్డ్ రాజాని ఆటోలో తీసుకొచ్చారు. కుక్కని ఎక్కించుకోం అని రెండు ఆటోలవాళ్లు వెళ్లిపోతే మూడో అతను ఒప్పుకున్నాడట. వచ్చేసరికి పదకొండున్నర. ముందు రాజా రక్తం పరీక్ష చేశారు, తర్వాత రెండు రక్తాలూ కలుస్తాయో లేదో చూశారు. అంతసేపూ ఆయన నేల మీదే కూర్చున్నారు, రాజా తల ఒళ్లో పెట్టుకుని. మెడ దగ్గర వెంట్రుకలు గీసి సూది పెడుతుంటే, "కదలకురా కొడుకా, చెల్లెకి ఇస్తున్నవ్" అని చెవిలో చెప్తూనే ఉన్నారు. 350 మిల్లీలీటర్ల సంచి నిండేదాకా రాజా కదల్లేదు.

అప్పుడే ఫారం నింపే అమ్మాయి మల్లి వయసడిగింది. నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆయన ఎదుటే చెప్పాలి, ఫోన్‌లోనే చెప్పాల్సింది కదా అనిపించింది. తొమ్మిది అన్నాను. ఆయన తల తిప్పి మల్లిని చూసి, "తొమ్మిదేనా? ఇంక మస్తు రోజులుంది దానికి" అన్నారు.

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పొద్దున్నుంచీ ఏడవలేదు.

రక్తం మొదటి అరగంట చుక్క చుక్కగా ఎక్కించి, జ్వరం, మొహం వాపు చూస్తూ ఉండాలి. అది గండం దాటేవరకూ, రెండు దాటేదాకా ఆయన వెళ్లలేదు. ఆటో డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసి, "తెల్లారినంక చిగుళ్ల ఫొటో ఒకటి పెట్టు బిడ్డా" అన్నారు. ఎందుకొచ్చారు అంకుల్ అంటే, "గ్రూపుల చూసిన" అన్నారు. ఆయన పేరు ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అంకుల్, ఫొటోలు రోజూ పెడుతూనే ఉంటాను.

మా ఆయన, అమ్మ నాలుగు రోజులూ షెడ్డు చూసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక మాట మాత్రం మింగలేకపోతున్నాను. మేము మొదట వెళ్లిన ఆసుపత్రిలో, పేరు చెప్పను, ఇరవై వేలు కట్టందే కుక్కని బల్ల మీద పెట్టనివ్వలేదు. ఇంత పెద్ద నగరంలో, ప్రాణం పోతున్న కుక్కకి రక్తం కోసం వాట్సాప్ గ్రూపుల్లో అడుక్కోవాలా? చెన్నైలో వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల బ్లడ్ బ్యాంకు ఉంది, మరి మనకి ఎందుకు అందుబాటులో ఉండదు? మల్లిని రోడ్డు మీద పారేసినవాడు దొరికినా ఏమవుతుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. కుక్కల పెంపకందార్లు రిజిస్టర్ చేసుకోవాలని 2017లో నిబంధనలు వచ్చాయి. మా షెడ్డుకి వచ్చిన ఏ కుక్క వెనకా ఆ కాగితం నేను చూడలేదు. దయచేసి కుక్కపిల్లని కొనేముందు దాని తల్లిని చూపించమని అడగండి. ఎక్కడుంది, ఎన్ని ఈతలైంది అని అడగండి.

అయ్యో, రాయాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. రాత్రి షట్టర్ ఎత్తి గోమార్ల జ్వరానికి వేసే డాక్సీ మాత్రలు ఇచ్చిన మెడికల్ షాపు తమ్ముడు. ఆ మూడో ఆటో అన్న. రాత్రంతా మల్లి పక్కన నిలబడి జ్వరం చూసిన ఇంటర్న్ అమ్మాయి. నేను లేనప్పుడు పద్నాలుగు గిన్నెలకి అన్నం, గుమ్మడికాయ ఉడికించి పంపిన పక్కింటి వదిన. ఐదువందలు, వెయ్యి వేసి పేరు కూడా చెప్పనివాళ్లు. ఆ ఆరుగురిలో ఒకావిడ మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు, ఆవిడ కూడా.

రాజా బాగానే తింటున్నాడట, రెండు రోజులు పరుగెత్తనివ్వలేదట. మల్లికి డాక్సీ ఇరవై ఎనిమిది రోజులు వేయాలి, ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది. అన్నం కలిపి వచ్చాను, గిన్నె వైపు చూస్తోంది. వెళ్తున్నా.