161వ పేజీ తీసి చూడండి

నమస్కారం. నవల రెండో భాగం సంక్రాంతికి ఇస్తామని మీ దగ్గర ముందే డబ్బులు కట్టించుకున్నాం. ఉగాది కూడా వెళ్లిపోయింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ "బైండింగులో ఉందండీ" అన్నాను. అది సగమే నిజం.

ముందు పని మాట. పుస్తకం ఇప్పటికే అందినవాళ్లందరూ దయచేసి 161వ పేజీ తీసి చూడండి. అక్కడ ఓక్ చెట్టు కింద పెళ్లి జరుగుతుంటే మీకు పాత ఫారం (ఒకే షీటు మీద కలిపి అచ్చేసే పదహారు పేజీలు) వచ్చినట్టు. వాన పడుతుంటే కొత్తదే. పాతది వచ్చినవాళ్లు పుస్తకం వెనక్కి పంపండి, పోస్టు ఖర్చు మాది. మిగతావాళ్లకు పది రోజుల్లో అందుతుంది. ధర పెంచలేదు.

ఇక ఆ పెళ్లి సంగతి. మొదటి భాగం చదివి ఏడాది దాటింది కాబట్టి కథ గుర్తు చేస్తాను. క్రీ.శ. 60-61, బ్రిటన్. ఐసెనీ తెగ రాజు ప్రసుటగస్ పోతూ పోతూ తన ఇద్దరు కూతుళ్లతో పాటు నీరో చక్రవర్తిని కూడా వారసుడిగా రాసిపోయాడు, అలాగైనా రాజ్యం దక్కుతుందని. రోమన్లు మొత్తం ఊడ్చుకున్నారు. రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు. ఆవిడ తిరగబడి ఇవాళ్టి కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ మూడూ తగలబెట్టింది. లండన్‌లో పునాదులు తవ్వితే ఆ కాలిన ఎర్రమట్టి పొర ఇప్పటికీ తగులుతుంది. అడ్డుకోవడానికి వచ్చిన తొమ్మిదో లీజియన్ అనే రోమన్ సేన కాల్బలం తుడిచిపెట్టుకుపోయింది. సేనాని సెరియాలిస్ గుర్రపు దళంతో బయటపడ్డాడు. ఆ దళంలో వెనకబడి, తొడలో ఈటె దిగి అడవిలో పడిపోయిన రౌతు మన కథానాయకుడు. అతన్ని చంపడానికి వచ్చి చంపలేకపోయిన ఐసెనీ పిల్ల నాయిక. ఆమెకు కుందేళ్ల భాష తెలుసు. బౌడికా యుద్ధానికి ముందు ఒడిలోంచి కుందేలును వదిలి, అది పరిగెత్తిన దిక్కును బట్టి శకునం చూసిందని రోమన్ చరిత్రకారుడు డియో రాశాడు. మా రచయిత్రి గారు అక్కడినుంచి అల్లుకుపోయారు.

మొదటి భాగాన్ని పెళ్లి ఖాయం అన్నట్టుగా ఆపాం. ఆపించింది నేనే. అలా ఆపితే రెండోది అమ్ముడుపోతుందని.

డిసెంబరులో హనుమకొండ నుంచి పోస్టుకార్డు వచ్చింది. మా మొదటి పుస్తకం నుంచీ కొంటున్న, రిటైరైన హిస్టరీ లెక్చరర్ గారు. "రోమన్ సైనికుడికి సర్వీసులో ఉండగా పెళ్లి నిషిద్ధం. ఈ మాత్రం చూసుకోకుండా వేశారా?" మొదటి వాక్యం పరవాలేదు. రెండోదే గుచ్చుకుంది. పందొమ్మిదేళ్లుగా ప్రతి ప్రూఫూ నేనే దిద్దుతున్నాను. నాలుగు రోజులు కార్డును టేబులు అద్దం కింద పెట్టి చూస్తూ కూర్చున్నాను, జవాబు రాయలేదు. తర్వాత పుస్తకాలు తిరగేశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిషేధాన్ని సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి సడలించేసరికి క్రీ.శ. 197 ప్రాంతం. మన రౌతులాంటి, రోమ్ పౌరులు కాని సహాయక దళాలవాళ్లయితే పాతికేళ్లు కొలువు చెయ్యాలి. అప్పుడు పౌరసత్వమూ, చట్టబద్ధంగా పెళ్లాడే హక్కూ ఇస్తారు. దానికి రుజువుగా కంచు రేకు మీద చెక్కిన పత్రం ఉంటుంది. మన రౌతుకు అయింది ఎనిమిదేళ్లే.

అప్పటికి 11, 12 ఫారాలు ఆరేసి వందలు అచ్చయిపోయాయి.

మా అమ్మాయి నవ్వింది. "కుందేలు మాట్లాడితే ఒప్పుకున్నవాళ్లు పెళ్లికి ఒప్పుకోరా నాన్నా? ఫాంటసీయే కదా." రచయిత్రి గారైతే వారం ఫోన్ ఎత్తలేదు. ఆ పెళ్లి ఏడుస్తూ రాశారట. నాకూ నిద్ర పట్టలేదు. కాగితం డబ్బు ఒక టెన్షన్, మీకిచ్చిన మాట ఇంకో టెన్షన్. అమ్మాయి మాటకు జవాబు దొరకడానికి మూడు వారాలు పట్టింది. కుందేలు మాట్లాడితే ఎవరికీ ఏమీ సులువైపోదు, ఆ పిల్లకు బరువే పెరుగుతుంది. ఆ చట్టాన్ని తీసేస్తే మాత్రం వాళ్లిద్దరి మధ్య రోమ్ అడ్డు లేనట్టే. ఇక శత్రువుల ప్రేమకథ అని అట్ట మీద వేసుకోవడం ఎందుకు?

రచయిత్రి గారిని ఒప్పించింది నేను కాదు, ఒక సమాధి రాయి. ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్‌లో 1878లో దొరికింది. బౌడికా తర్వాతి శతాబ్దానిది. రెగీనా అనే ఆమెది. బ్రిటన్‌లోని కటువెల్లౌనీ తెగ, 30 ఏళ్లకే పోయింది. సిరియాలోని పామైరా నుంచి వచ్చిన బరాతెస్ ఆమెను బానిసత్వం నుంచి విడిపించి పెళ్లి చేసుకున్నాడు. అల్లిక కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒళ్లో కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట, చేతులకు కడియాలు. ముఖం మాత్రం విరిగిపోయింది. పైన లాటిన్, అందులో వ్యాకరణం తప్పులు. అడుగున ఒకే ఒక్క వరుస అతని సొంత లిపిలో, చక్కగా చెక్కినది: రెగీనా, బరాతెస్ విడిపించిన మనిషి, అయ్యో. ఆ ఫొటో పంపాను. రాత్రి పదకొండుకు ఆవిడే ఫోన్ చేశారు. "ఆ అయ్యో కోసం మళ్లీ రాస్తాను" అన్నారు. పదహారు పేజీలు తొమ్మిది రోజుల్లో వచ్చాయి. 12వ ఫారంలో నాలుగు పేరాలే మారాయి. ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పను.

ప్రెస్‌లో జరిగింది చిన్న తప్పే, ఖరీదు పెద్దది. రద్దయిన 11వ ఫారం కట్టను మూల పెట్టారు. బైండరు దాన్నే తీసి 140 పుస్తకాలకు కుట్టేశాడు. ప్రతి షీటు మీదా అడ్డంగా గీత కొట్టమన్నానని నేనంటాను. పై షీటు మీద మాత్రమే "రద్దు" అని రాసి ఉందని ప్రెస్ ఆయన అంటాడు. నిజమే, రాసింది నా చెయ్యే. అయినా చదవాలి కదండీ! నష్టం చెరి సగం అనుకున్నాం. ప్రెస్ మార్చెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. మార్చను.

పెళ్లి ఫారమే బావుంది, ఉంచుకుంటాం అనేవాళ్లు నిక్షేపంగా ఉంచుకోండి. కాకపోతే అలాంటివాళ్లకు కొత్త పేజీలు విడిగా పంపడం కుదరదు. డబ్బు వెనక్కి కావాలంటే మీ దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చెయ్యండి, అదే రోజు వేస్తాను.

ఇంకొకటి. నాయిక మెడలో ఉన్నదాన్ని "టార్క్" అని రాయమని ముగ్గురు అడిగారు. మెలితిప్పిన బంగారు తీగలతో మెడకు తొడుక్కునేదాన్ని మా అమ్మమ్మ కంటె అనేది. కంటె అనే ఉంటుంది.

లెక్చరర్ గారికి మొదటి కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, 161వ పేజీ రెండుసార్లు చూసుకుని మరీ. ఆయన దగ్గర్నుంచి కార్డు ఇంకా రాలేదు.