టీచరమ్మగారికీ, ఆటో అన్నకీ, ఇంకొందరికీ

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని. ఎవరివి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం ఎంత, తరుగు ఎంత అని పొద్దస్తమానం రాయడమే నా పని. అట్టాంటివాణ్ణి సొంత కొడుకు సంగతి మాత్రం ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ పని కొరిటెపాడులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే టీచరమ్మగారు చేశారు. ఆమెకు ఫోన్ లేదు కాబట్టి ఇది చూడరు. అయినా నలుగురి ముందు చెప్పుకోవాలనిపించింది.

మా వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. అన్నం సగంలో లేచిపోతాడు. వారానికి నాలుగు పెన్సిళ్ళు పోగొడతాడు. చెప్పులేసుకు రమ్మంటే లోపలికెళ్ళి, దేనికొచ్చాడో మర్చిపోయి, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ నిలబడతాడు. పాత బడి డైరీ నిండా ఎర్ర సిరాయే. ఆ బడి పేరు ఇప్పుడనవసరం. మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, మస్తాన్ దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. నేను కొట్టాను. దాచుకోవడం దేనికి, చాలాసార్లే కొట్టాను. కొట్టిన రోజు పావుగంట కుదురుగా కూర్చునేవాడు, తర్వాత మామూలే.

టీచరమ్మగారు మున్సిపల్ స్కూల్లో చేసి రిటైరయ్యారు. వసారాలో ట్యూషన్ చెబుతారు. నేను వాణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళిన రోజు ఆమె నావైపే చూశారు. "చూడబ్బాయ్, నెల్రోజులు వీణ్ణి నాకొదిలెయ్. ఈ నెల్లో చెయ్యి మాత్రం లేపమాక" అన్నారు. నెల తిరిగాక నలభై పేజీల నోటుబుక్కు ఒకటి నా చేతిలో పెట్టారు.

అందులో ఒక పేజీ ఇట్టా ఉంది: "6.05 కూర్చున్నాడు. 6.09 పెన్సిలు కింద పడింది. 6.10 మంచినీళ్ళు అడిగాడు. 6.17 గేటు చప్పుడుకి లేచాడు. 6.20 గోడ వైపు కూర్చోబెట్టాను. 6.31 దాకా రాశాడు. ఐదు లెక్కల్లో నాలుగు కరెక్టు, ఐదోది చూడనే లేదు." నలభై పేజీల్లో 'అల్లరి' అనిగానీ, 'మొండి' అనిగానీ ఒక్క మాట లేదు. మా కొట్లో చిట్టా కూడా అంత శుభ్రంగా ఉండదు.

అది చదివిన రాత్రి మా ఆవిడ 14416కి ఫోన్ చేసింది. టెలీ మానస్ అని, మానసిక సమస్యలకు ఫోన్లో సలహా చెప్పేది, 2022లో కేంద్రం పెట్టింది. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. అంతా విని, పిల్లాణ్ణి సైకియాట్రీ ఓపీలో చూపించమన్నారు. జీజీహెచ్‌కి, అదే మా ఊరి పెద్ద ప్రభుత్వాసుపత్రికి, తీసుకెళ్ళాం.

డాక్టరుగారు ముందు నోటుబుక్కే చదివారు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, అది కావచ్చు, కానీ ఒక్కరోజులో తేల్చేది కాదన్నారు. రక్తపరీక్షో స్కానింగో చేసి పట్టుకునేది కాదట. ఈ లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనపడాలి, 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి. అందుకని మాకొక ఫారం, క్లాసు టీచరుకొక ఫారం ఇచ్చారు. చెవులు, కళ్ళు ముందు చూపించుకు రమ్మన్నారు. చెవులు బాగున్నాయి. కళ్ళకు అద్దాలు రాశారు. హమ్మయ్య, ఇంతేనా అని ఇద్దరం సంతోషపడిపోయాం. పదిహేను రోజుల్లో రెండు జతలు పోగొట్టాడు. మూడో జత ముక్కు మీద ఉండగానే మళ్ళీ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. ఇంకా చూద్దామన్నారు డాక్టరుగారు. అంటే ఈ రోజుకీ మావాడిది 'కావచ్చు' దగ్గరే ఉంది.

చాక్లెట్ల వల్లా, ఫోన్ వల్లా అని చుట్టాలు అంటున్నారు కదా అనడిగాను. పంచదారకీ దీనికీ సంబంధం లేదు, ఫోన్ తగ్గిస్తే నిద్రకు మంచిదేగానీ దానివల్లే వచ్చిందనుకోవద్దు, ఇది చాలావరకు వంశంలో వచ్చేదే అన్నారు. "చిన్నప్పుడు మీరెలా ఉండేవారు?" అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది: "వీడా? పలక ఇంటికి తెచ్చిన రోజు లేదండీ!" మా నాన్న నన్ను దేనికి కొట్టేవాడో ముప్పై ఏళ్ళకి అక్కడ అర్థమైంది.

మందు సంగతీ దాపరికం లేకుండా చెప్పారు. అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ అనేదిస్తారట. ఆకలి తగ్గచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, అందుకని ఎత్తూ బరువూ చూసుకుంటూ వాడాలి. ఆ నిర్ణయం తర్వాత. ఈలోపు మేం నేర్చుకోవాల్సినవి చెబుతుంటే మా ఆవిడా నేనూ మొహాలు చూసుకున్నాం. అన్నీ టీచరమ్మగారు చేస్తున్నవే. ఒకసారి ఒకటే పని చెప్పడం, భుజం మీద చెయ్యేసి కళ్ళల్లోకి చూసి చెప్పడం, పది నిమిషాలు రాయించి తులసికోటకు నీళ్ళు పొయ్యమని లేపడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం. ఏడో ఎక్కం కూర్చోబెట్టి మూణ్ణెల్లు చెప్పినా నాకు రాలేదు, అదే, వాడికి రాలేదు. ఆమె డాబా మెట్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ చెప్పించారు. వారంలో వచ్చేసింది.

కొత్త బళ్ళో క్లాసు టీచరుగారు ఫారంలో గడులు నింపి ఊరుకోలేదు. వెనక ఒక పేజీ తెల్లకాగితం జతచేసి రాశారు. కిటికీ పక్కనుంచి ముందు బెంచీకి మార్చి, హాజరు పట్టీ ఆఫీసుకు తీసుకెళ్ళే పని వాడికే అప్పజెప్పారు. ఆటో అన్న రోజూ దించేముందు "బాటిలు, బాక్సు, అద్దాలు!" అని వాడిచేత మూడూ ముట్టించి గానీ కదలడు. రెండో జత అద్దాలు సీటు కింద దొరికితే ఆదివారం పూట ఇంటికి తెచ్చిచ్చాడు, కాకపోతే అప్పటికే మూడో జత కొనేశాం. కొత్త సరుకు దిగుతున్న రోజుల్లో ఆస్పత్రికని పూట సెలవు అడిగితే ఎందుకని కూడా అడగని మా షావుకారుకీ దణ్ణం.

టీచరమ్మగారు ట్యూషన్ ఫీజు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. చీర పెడితే మా ఆవిడకే తిరిగి పెట్టారు. మరీ బతిమాలితే, పచ్చడికి రెండు కిలోలు పండుమిర్చి తెచ్చిపెట్టు, తడి లేకుండా చూడు అన్నారు. ఫిరంగిపురం రైతు ఒకాయన చేత తెప్పించాను. రేపు సాయంత్రం వెళ్తున్నాం. సంచి తనే మోస్తానన్నాడు మావాడు. అందుకని తరుగు కింద ఇంకో కిలో ఎక్కువే తూయించాను.