వంటమ్మల ఉద్దెర మీద బడి భోజనం నడపకండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు ముఖ్యమంత్రి శ్రీ ఎనుముల రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం.

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరైన టీచర్ను. ఇప్పటికీ మా ఊరి బడికి పోయి వస్తుంటాను. మధ్యాహ్న భోజనం మీద మీకు నివేదికలకేం తక్కువ ఉండదు. మెనూ, శుభ్రత, తనిఖీలు, హాజరు, అన్నీ వాటిలో ఉంటాయి. ఆ అన్నం కూర ఎవరి పైసలతో ఉడుకుతున్నాయో మాత్రం ఉండదు. నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, చింతపండు, ఉప్పు, కారం, గుడ్లు, పొయ్యిలోకి కట్టెలు వంట చేసే మహిళలే ముందు కొనాలి. వండి పెట్టాలి. ఎంతమంది తిన్నారో లెక్క ఎక్కించాలి, బిల్లు మండలానికి పోవాలి, అక్కడినుంచి పైకి పోవాలి, చివరికి పైసలు ఖాతాలో పడాలి. ఎప్పుడు పడతాయంటే హెచ్‌ఎం చెప్పలేరు, మండల ఆఫీసులో అడిగినా చెప్పలేరు. ఇది మీ ప్రభుత్వంతో మొదలైన జబ్బు కాదు. కానీ ఇప్పుడు మాన్పించగలిగింది మీరే.

మా బడి వంటమ్మ దగ్గర కిరాణా దుకాణం వాళ్లు రాసిచ్చే చిన్న పుస్తకం ఒకటి ఉంది. కందిపప్పు, నూనె ప్యాకెట్లు, గుడ్ల ట్రే, పసుపు. పేజీ నిండగానే కింద మొత్తం వేసి, తర్వాతి పేజీ పైన "పాత బాకీ" అని రాసుకుంటారు. బిల్లు ఆలస్యమైన కొద్దీ ఆ పాత బాకీ కొత్త సరుకు కంటే పెద్దదవుతుంది. అప్పుడు దుకాణాయన ముఖం మారుతుంది. ఆమె ఇంకో చోట మిత్తికి తెస్తుంది. ఆ మిత్తి ఏ బిల్లులోనూ రాసుకునే వీలు లేదు.

పిల్లల పళ్లెంలో తేడా మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ముందు గుడ్డు పోతుంది. తర్వాత పప్పు పలచనై చారవుతుంది. కూరగాయల్లో ఆ వారం సంతలో ఏది చవకైతే అదే, వారమంతా. కల్తీ నూనె, పుచ్చిన పప్పు కూడా ఇదే దారిలో బడికి చేరతాయి. ఉద్దెరకు తెచ్చుకునే మనిషి దుకాణంలో నిలబడి "ఇది బాగలేదు, వేరేది ఇవ్వు" అని అడగలేదు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో పిల్లలు తిని అస్వస్థతకు గురైన సంగతి హైకోర్టు దాకా పోయింది. ఆ బడిలో కారణం ఏమిటన్నది నేను చెప్పడం లేదు. కానీ అలాంటిది జరిగిన ప్రతిసారీ తనిఖీలు పెంచుతున్నాం, సరుకు కొనే చేతిలో పైసలు ఉన్నాయా లేవా అని మాత్రం చూడడం లేదు.

లెక్క చూడండి. 2025 మే 1 నుంచి కేంద్రం ఖరారు చేసిన వంట ఖర్చు ప్రాథమిక పాఠశాల పిల్లకు పూటకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. ఇందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఇరవై మంది పిల్లలున్న తండా బడి తీసుకుందాం. రోజుకు 135 రూపాయల 60 పైసలు వస్తాయి. నిబంధన ప్రకారం ఒక్కో పిల్లకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంటే 400 గ్రాముల పప్పు, కిలో కూరగాయలు, 100 గ్రాముల నూనె. పప్పు కిలో 130, కూరగాయలు కిలో 50, నూనెకు 15 అనుకున్నా 117 రూపాయలు అయిపోయాయి. మిగిలిన పద్దెనిమిదిన్నరలో పోపు సామాను, చింతపండు, ఉప్పు, కారం, పొయ్యి, సంత నుంచి ఆటో కిరాయి. టమాట ధర ఒక్కసారి ఎగిరిందంటే ఆ రోజు ఆమె చేతి నుంచి పోయినట్టే. రెండొందల మంది ఉన్న హైస్కూల్లో ఎలాగో సర్దుకోవచ్చు. ఇరవై మంది బడిలో సర్దుకోవడానికి ఏముంటుంది? పిల్లలు తక్కువైన బడికి కూడా తలసరి లెక్కే కట్టడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. ఆ బడులు ఎక్కువగా ఉండేది తండాల్లో, గూడేల్లో.

ఇదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. ఆ బడికి నెలంతా, అంటే 24 పనిరోజులకు, గుడ్లు కాకుండా అయ్యేది 3,254 రూపాయలు. రాష్ట్రానికి అది కనబడని మొత్తం. వంటమ్మకు అది తన నెల గౌరవ వేతనం కంటే ఎక్కువ. మూడు వేల జీతం మనిషి దగ్గర సర్కారు ప్రతి నెలా మూడు వేల పైచిలుకు అప్పు తీసుకుంటోంది, మిత్తి లేకుండా.

ఆ మూడు వేలల్లో కేంద్రం 2009లో నిర్ణయించిన వెయ్యి ఈ రోజుకీ వెయ్యే, మిగతాది రాష్ట్రం కలిపినది. పనిరోజులకు లెక్కేస్తే రోజుకు నూటయాభై కూడా రాదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. కార్మిక సంఘాలు నెలకు పదివేలు అడుగుతున్నాయి. అది ఎక్కువ అనే ధైర్యం నాకైతే లేదు.

గుడ్డు సంగతి విడిగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019-21 లెక్కల ప్రకారం, తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా. ఈ పిల్లలకు బడిలో దొరికే మంచి మాంసకృత్తులు వారానికి మూడు గుడ్లే. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోని తొలి మూడు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పౌల్ట్రీ షెడ్ల పక్కనే ఉన్న ఊరి బడిలో కూడా గుడ్డు లేని బుధవారాలు ఉంటున్నాయంటే కారణం గుడ్ల కొరత కాదు. గుడ్డుకు సర్కారు ఇచ్చే రేటు ఏడాదంతా ఒకటే, బజారు రేటు చలికాలం వచ్చేసరికి పైకి పోతుంది. గుడ్ల సమన్వయ కమిటీ రేటు రోజూ పేపర్లో వస్తుంది. నెల సగటు తీసి, దాని మీద రవాణాకు కొంత కలిపి, నెలనెలా రేటు మార్చడానికి పెద్ద కష్టమేముంది?

మీ ప్రభుత్వం 2024 చివర్లో హాస్టళ్లు, గురుకులాల్లో ఒక్కో పిల్ల తిండికి ఇచ్చే డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడు తరగతుల వాళ్లకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది. ఏళ్ల తర్వాత జరిగిన మంచి పని అది, టీచర్లమంతా సంతోషించాం. అదే పేదింట్లో పుట్టి, గురుకులంలో సీటు రాక ఊరి బడికి వచ్చే పిల్ల కూడా అంతే ఆకలితో వస్తుంది. పొద్దుగాల చాయ్ తాగి వచ్చిన పిల్లలు పదకొండింటికల్లా బెంచీ మీద తల వాల్చడం మేం రోజూ చూస్తాం. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక పిల్లలకు టిఫిన్ మొదలుపెట్టి ఏడాదిలోనే రాష్ట్రమంతా విస్తరించింది. ఇక్కడ 2023 అక్టోబరులో అల్పాహార పథకం మొదలై నిలబడలేదు. మళ్లీ మొదలుపెట్టేటట్టయితే దయచేసి దాన్ని కూడా వంటమ్మల ఉద్దెర మీద పెట్టకండి.

ఇక పొయ్యి. వానాకాలంలో రేకుల షెడ్డు కింద తడి కట్టెలు పెట్టి ఊదుతూ ఉంటే ఆ పొగ పక్కనున్న ఒకటో తరగతిలోకి వస్తుంది. పిల్లలు కళ్లు నులుముకుంటూ అక్షరాలు దిద్దుతారు. వంటమ్మ దగ్గు సంగతి ఏ డాక్టరూ రాయలేదు. చెట్టు నరకవద్దని మనమే పాఠం చెబుతాం, అదే బడి ఆవరణలో కట్టెల మోపు దింపుతాం. మహాలక్ష్మి పథకంలో 2024 నుంచి ఇళ్లకు 500 రూపాయలకే సిలిండర్ ఇస్తున్నారు కదా. అదే ధరకు ప్రతి బడి వంటగదికి గ్యాస్ ఇప్పించండి. పర్యావరణం కోసం బడిలో ఇంతకంటే సులువుగా చేయగలిగిన పని ఇంకోటి నాకు తోచడం లేదు.

అన్నం పారబోత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నీళ్ల సాంబారు రోజున చేతులు కడిగే చోట పళ్లేల్లోంచి సన్నబియ్యం అన్నం గుట్టగా పడుతుంది. గుడ్డు ఉన్న రోజు, ఆకుకూర పప్పు గట్టిగా వండిన రోజు పళ్లెం ఊడ్చినట్టు ఉంటుంది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చి కొంటున్న బియ్యం అది, బోరు నీళ్లు తోడి పండించిన బియ్యం. దాన్ని మిగల్చాలంటే పిల్లలకు నీతులు చెప్పక్కర్లేదు. కూర బాగుంటే చాలు.

వారానికి ఒకటి రెండు రోజులు జొన్న, రాగి పెట్టమని చాలామంది అంటున్నారు. నేనూ అంటాను. కానీ రాగి పిండి ప్యాకెట్లు ఎక్కడో దూరం నుంచి లారీలో తెప్పించి పంచడం వల్ల మన రైతుకు ఒరిగేదేమీ లేదు. జహీరాబాద్ వైపు దళిత మహిళా సంఘాలు దశాబ్దాలుగా వానపంటగా చిరుధాన్యాలు పండిస్తున్నాయి. అలాంటి సంఘాల నుంచి, మండలంలోని రైతుల నుంచి నేరుగా బడికి కొనే పద్ధతి పెట్టండి. పిల్లలకు ఇష్టమయ్యేలా ఎలా చేయాలో వంటమ్మలకు వదిలేయండి, మన ఊళ్లలో జొన్నరొట్టె, సంకటి తెలియని ఇల్లు లేదు. ఆకుకూరలు, మునగ, కరివేపాకు బడి ఆవరణలోనే పండించుకోవచ్చు. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు చాలు. దానికి కావలసింది ప్రహరీ గోడ. లేకపోతే మేకలు ఒక్క మొక్కను మిగల్చవు.

బడి వంటగదులు ఎత్తేసి, ఎక్కడో ఒక పెద్ద వంటశాలలో వండి వ్యాన్లలో పంపితే ఈ సమస్యలన్నీ తీరతాయని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇరుకు బస్తీ బడులకు అది తప్పకపోవచ్చు. ఊళ్లకు వద్దు. పొద్దున ఎప్పుడో వండింది మధ్యాహ్నానికి చల్లారి వస్తుంది, కొన్ని సంస్థలు గుడ్డు ముట్టుకోవు, ఉల్లి, వెల్లుల్లి వాడవు. వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వమని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. వాళ్లు వండింది ఊరి పిల్లలందరూ ఒకే వరుసలో కూర్చుని తినడం కొన్ని ఊళ్లలో అంత తేలిగ్గా రాలేదు. టీచర్లు ముందు తిని చూపించిన బడులున్నాయి. వ్యాను వస్తే అలా సాధించుకున్నదంతా పోతుంది.

మరి ఏం చేయమంటావు అని మీరు అడగవచ్చు. చట్టంలోనే దారి ఉంది. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం, నిధులు అయిపోతే బడి దగ్గరున్న వేరే నిధులు వాడి భోజనం ఆగకుండా చూసే అధికారం బడికి ఉంది. అంటే పైసలు ఆలస్యమైతే ఆ భారం బడి మోయాలని చట్టం అనుకుంది. వంటమ్మ మోయాలని ఎక్కడా లేదు. బడి ఖాతాలో నిధులు లేకనే అది ఆమె నెత్తిన పడింది. మీరు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలిని, హెచ్‌ఎంను అందులో పెట్టారు. ప్రతి బడికి రెండు నెలల వంట ఖర్చు, గుడ్ల పైసలతో సహా, ఆ కమిటీ ఖాతాలో ముందే వేయండి. వచ్చిన బిల్లు ఆ ఖాతాను తిరిగి నింపుతుంది. వంటమ్మ నగదు ఇచ్చి కొంటుంది, నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తుంది. ముప్పై మంది లోపు ఉన్న బడులకు తలసరితో పని లేకుండా రోజుకు కనీస మొత్తం ఒకటి ఖాయం చేయండి. ఏ బడికి ఏ నెల పైసలు ఏ తేదీన పడ్డాయో అందరూ చూసేలా పెట్టండి.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజుకు పాత బాకీలన్నీ తీర్చి, మొదటి అడ్వాన్సు ఖాతాల్లో ఉండేలా ఏప్రిల్‌లోనే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ ప్రాథమికోపాధ్యాయురాలు,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా