ఐటీ శాఖ మంత్రి గారికి: వెళ్ళిపోయినవాళ్ళ అకౌంట్ల లెక్క తీయించండి

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలండి. కోనసీమలో ఒక ఆఫీసులో లినక్స్ సర్వర్ పని చూస్తుంటాను.

వేసవిలో కాలవలు కట్టేశాక మా దగ్గర లాకులు బాగుచేస్తారు, గుర్రపుడెక్క తీస్తారు. అది చేయకపోతే శివారు చేలకి నీళ్ళందవని ప్రతి రైతుకీ తెలుసు. సర్వర్లలో మాత్రం ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, వాళ్ళ ఫైళ్ళేమయ్యాయి అని చూసే రోజంటూ లేదు.

మా ఆఫీసులో జరిగింది చెప్తాను. డేటా ఎంట్రీ చేసే అమ్మాయి పెళ్ళై కాకినాడ వెళ్ళిపోతే అకౌంట్ తీసేశారు. యూజర్‌డెల్ కమాండ్‌తో అకౌంట్ తీసేటప్పుడు మైనస్ ఆర్ ఇవ్వకపోతే హోమ్ డైరెక్టరీ, అంటే ఆ మనిషి ఫైళ్ళుండే ఫోల్డర్, పోదు. అదీ ఉండిపోయింది. కొత్తవాళ్ళకి, ఉన్నవాటిలో పెద్ద యూఐడీ (అకౌంట్ నంబరు) తర్వాతది పడుతుంది. ఆఖర్న చేరింది ఆవిడే కాబట్టి, తర్వాత వచ్చిన కుర్రాడికి ఆవిడ యూఐడీయే పడింది, 1007. లినక్స్ ఫైలు మీద రాసుకునేది పేరు కాదు, ఆ నంబరే. ఓ సాయంత్రం ఆ పాత డైరెక్టరీలో ఫైళ్ళనీ వాటి ఓనర్లనీ చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్ కొట్టి చూద్దును కదా, రైతుల పట్టాదారు పాస్‌పుస్తకాల స్కాన్లు, ఆధార్ కాపీలు, ప్రతి వరసలోనూ ఓనర్‌గా ఆ కుర్రాడి పేరు! అందులో మా వీధి పెద్దాయన కాగితాలూ ఉన్నాయి. నా చేతులు చల్లబడ్డాయండి. పాపం, ఆ ఫోల్డర్ ఉందనే ఆ కుర్రాడికి తెలీదు.

ఆ రాత్రే చిన్న షెల్ స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) రాశాను. గెటెంట్‌తో అకౌంట్లన్నిటి జాబితా తీసి, యూఐడీ 1000, ఆ పైన ఉన్నవాళ్ళని, అంటే మామూలు మనుషుల అకౌంట్లని, ఏరుతుంది. ఒక్కొక్కరి హోమ్ డైరెక్టరీ ఉందా, దాని ఓనర్ ఆ మనిషేనా, ఇతరులు చదివేలా ఉందా, చివరిసారి లాగిన్ ఎప్పుడు, పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ఎస్ఎస్‌హెచ్ కీ మిగిలిందా అని రాస్తుంది. ఉత్త పాస్‌వర్డ్ లాక్ చేస్తే కీతో లోపలికి రావచ్చు మరి. తర్వాత తిరగేసి చూస్తుంది: హోమ్ కింద ఉన్న ప్రతి డైరెక్టరీకీ అకౌంట్ ఉందా? మా తప్పుని పట్టించేది ఇదే. ఫైండ్‌లో నోయూజర్ పెట్టి, అంటే ఓనర్ లేని ఫైళ్ళ కోసం, వెతికితే దొరకదు, ఆ నంబరుకి మనిషున్నాడు కాబట్టి. స్క్రిప్ట్ దేన్నీ తుడవదు, రాసి చూపిస్తుందంతే.

అయ్యా, సర్వర్ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆఫీసులో నెలకోసారి ఇలాంటి తనిఖీ జరిగి, ఆ నివేదిక మీద ఆఫీసరు సంతకం పెట్టేలా ఉత్తర్వు ఇవ్వండి. రిలీవింగ్ ఆర్డర్ కాపీ అదే రోజు సర్వర్ చూసేవాళ్ళకీ అందేలా చేయండి.

ఆ డైరెక్టరీని రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారమున్న అకౌంట్) పేరుకి మార్చి, ఇంకెవరూ తెరవకుండా పర్మిషన్ 700 పెట్టి ఉంచాను. ఉంచాలా తుడవాలా అని పైకి రాసిన కాగితానికి ఇంకా జవాబు రాలేదండి.

ఇట్లు,
మీ విధేయుడు,
కోనసీమ నుంచి ఒక సర్వర్ ఉద్యోగి