నల్లరేకు

రేపల్లె,
ఆదివారం మధ్యాహ్నం.

చి॥ మురళికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, శైలు, బుజ్జిది క్షేమమని తలుస్తున్నాను. తలచడమే గాని తెలిసే దారి లేదు. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. లెక్క నాది కాదు, మీ అమ్మది. పాలవాడి క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది. వాట్సాప్‌లో రాస్తే రెండు నీలం టిక్కులు చూపించి ఊరుకుంటావని కాగితం తీశాను. సత్యం మామయ్యగారి అమ్మాయి పదో తారీఖున బయల్దేరుతోంది, పచ్చళ్ళతో పాటు ఇదీ ఇచ్చి పంపుతున్నాను.

విశేషాలేం లేవు. పెద్ద బాబాయికి రెండో కన్ను ఆపరేషన్ కూడా అయింది, ఇప్పుడు అందరి మొహాలూ మరీ స్పష్టంగా కనపడుతున్నాయని విసుక్కుంటున్నాడు. పెరట్లో బోరు మళ్ళీ మొరాయించింది. ఈసారి రసాలు కాపు తక్కువ. కొట్టు గది అద్దెకున్నతను సెల్‌ఫోన్లకు అద్దాలు అతికించే పని పెట్టాడు. డార్క్‌రూమ్ గోడకి నేను కొట్టిన మేకులకే చార్జర్లు వేలాడదీశాడు. చూడడానికి బాగానే ఉంది.

అన్నట్టు, ఆ ఆమిష్ పిల్ల ఫోటో నేనూ చూశాను. నువ్వు తీసేయకముందే.

బాబ్జీగాడు ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటికి నీ పేజీలో అది లేదు. ఆ తర్వాత నీ మాట కూడా లేదు. రోడ్డు మీద ఎవరో నీ కారు ఆపి నిలదీశారని, పోలీసులొచ్చారని బాబ్జీగాడే మళ్ళీ చెప్పాడు. విజ్జత్త దాన్ని వీసా దాకా లాక్కెళ్ళింది. నేను నమ్మలేదు. అమెరికాలో పబ్లిక్ రోడ్డు మీద నిలబడి కనిపించినదాన్ని ఫోటో తీస్తే నేరం కాదని నాకు నేర్పింది నువ్వే. 2018లో మేమొచ్చినప్పుడు హారిస్‌బర్గ్ నుంచి, పాతకాలం పద్ధతిలో గుర్రబ్బండ్ల మీద తిరిగే ఆ ఆమిష్ క్రైస్తవులుండే లాంకాస్టర్ తీసుకెళ్తూ, దారి పొడుగునా అదే వాదించావు. మీ అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది గనక సాక్ష్యం లేదు, నాకు మాత్రం గుర్తుంది.

ఫోటో బాగుంది. అది ముందు చెప్పాలి. గుర్రబ్బండి వెనక అద్దం, అందులో నల్ల టోపీ పెట్టుకున్న పిల్ల, పక్కనుంచి పడ్డ వెలుతురు. నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, చెప్పగలను. కానీ ఒకటి చూశావా నాన్నా? మొహం నిలకడగా ఉంది, కుడిచెయ్యి మాత్రం చెదిరింది. చెదిరిందంటే కదులుతోందన్నమాట. మొహానికి అడ్డం పెట్టుకోడానికి లేస్తోంది ఆ చెయ్యి. నువ్వు దానికంటే ముందు నొక్కావు.

సరే, దాని సంగతి వదిలెయ్. మాగాయలో ఈసారి ఆవపిండి తగ్గించి వేయించాను, శైలుకి పడదని. సీసా తెరిచాక తడి చెంచా పెట్టకండి.

ఆ రోజు లాంకాస్టర్ సెంట్రల్ మార్కెట్లో బొంతలమ్మే ఆమిష్ ఆమె గుర్తుందా? వాళ్ళ బొంతలు చూస్తే నాకు మా అమ్మ పాత చీరలతో కుట్టినవి గుర్తొచ్చి, ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేశాను. ఆమె కోప్పడలేదు, నవ్వనూ లేదు. చేతిలో పని పక్కన పెట్టి, నాలుగడుగులు అవతలికి జరిగి, బొంత వైపు చెయ్యి చూపించింది. బొంతను తీసుకో, నన్నొద్దు అని. మాట లేకుండా అంత మర్యాదగా కాదన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా స్టూడియోలో పెళ్ళివారు ఒక్క ఫోటో వద్దనడానికి ఎంత గొడవ చేసేవారో నీకు తెలుసు.

వాళ్ళకి బైబిల్లో రెండో ఆజ్ఞ అడ్డం. ఏ రూపాన్నీ చేసుకోకూడదని. మన పాస్టరుగారిదీ అదే బైబిలు, ఆయనింట్లో గోడ నిండా ఫోటోలే, సగం నేను తీసినవే. అంటే ఒక్క ఆజ్ఞతో తేలేది కాదు ఇది. వాళ్ళ గురించి నువ్వు కొనిపెట్టిన పుస్తకం ఇక్కడికొచ్చాక డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మనిషి తనని తాను ఎత్తి చూపించుకోవడం వాళ్ళకి తప్పు. వాళ్ళ జర్మన్‌లో దానికి హోఖ్‌మూట్ అని పేరు, మన మాటల్లో పొగరు. అందుకే ఫోజు పెట్టి నిలబడటం మరీ తప్పు. అందరూ ఒకే పట్టుగా కూడా ఉండరట. దూరం నుంచి పొలం తీస్తూ ఉంటే అందులో తామూ పడినా పట్టించుకోనివాళ్ళున్నారు, కెమెరా కనపడగానే మొహం తిప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఎవరెటువంటివారో అడిగితే తప్ప మనకి తెలియదు.

వాళ్ళలో బాప్టిజం పెద్దయ్యాకే గనక చిన్నపిల్లలకి ఆ కట్టుబాటు లేదని నువ్వంటావు. అనేశావు కూడా, ఫోటో కింద ఎవరో నిలదీస్తే. జవాబు తెలివిగానే ఉంది. పిల్లకి కట్టుబాటు లేకపోవచ్చు, చెయ్యి ఉంది కదా.

ఇంకోటి కూడా ఆ పుస్తకంలోనే చదివాను. 2006 అక్టోబర్ 2న అక్కడి నికెల్ మైన్స్ బడిలో ఒకడు జొరబడి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, ఐదుగురు పోయారు. ఊరి నిండా టీవీ వ్యాన్లు, కెమెరాలు. వాళ్ళు ఆ హంతకుడి ఇంటికెళ్ళి భార్యని ఓదార్చారు. రెండు వారాలు తిరక్కముందే ఆ బడిని పడగొట్టి నేల చదును చేసేశారు. జనం వచ్చి చూసిపోయే చోటుగా దాన్ని మిగల్చలేదు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నేను నీకు నీతులు చెప్పడానికి రాయట్లేదు. అయినా చెప్తాను. అటు వెళ్తే బండి పక్కన కారు స్లో చేసి ఫోన్ పెట్టకండి, గుర్రం బెదురుతుంది. వాళ్ళ పొలాల్లోకి, ఇంటి వాకిట్లోకి దిగకండి. బడి పిల్లల్ని తీయకండి. బండి కావాలంటే వెనకనుంచి తీసుకో, ఆ నారింజ త్రికోణంతో సహా. ఆరేసిన బట్టలు, కంచర గాడిదల అరక, గాలిమర, అన్నీ ఉన్నాయి కదా మొహం లేకుండా. లెన్సు పెద్దదైతే దూరం ఉన్నట్టు కాదు, దాక్కున్నట్టు. అడగొచ్చు, ఒద్దంటే బేరమాడకూడదు. అన్నట్టు మీ అమ్మ అక్కడ కొన్న మొహం లేని గుడ్డబొమ్మకి కళ్ళు లేకపోతే ఇంట్లో ఉంచకూడదని కాటుకతో కళ్ళు పెట్టింది. ఇప్పుడు అది అందర్నీ చూస్తోంది.

నువ్వింకా పుట్టని రోజులు. పట్టాదారు పాసుపుస్తకాలకి ఫోటోలు కావాలంటే లంకలో ఒక ఊరికి సైకిల్ మీద వెళ్ళాను. చావిడి గోడకి దుప్పటి కట్టి, రోజంతా మొహాలు తీశాను. సాయంత్రం వస్తుంటే ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ మొహం, ఆ వెలుతురు, ఏం చెప్పను. తియ్యనా మామ్మా అన్నాను. ఒద్దంది. ఫోటో దిగితే ఆయుష్షు తీరుద్దంది. సరేనన్నాను. అని, యాషికా కెమెరా సర్దుకుంటున్నట్టు కిందికి వంగాను. దానికి పైనుంచి చూడాలి కదా, ఎదుటివాళ్ళకి మనం ఏదో మరమ్మతు చేసుకుంటున్నట్టే ఉంటుంది. ఒక్కటే నొక్కాను.

పది, పన్నెండు సైజులో ఎన్లార్జ్ చేసి షోకేసులో పెట్టాను. నెల రోజులు బజారంతా ఆగి చూశారు. ఆ షోకేసు చూసి పెళ్ళి ఆర్డర్లు కూడా వచ్చాయి, దాచడమెందుకు. ఒకరోజు పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. మనవడెవరో చూసి చెప్పాడట. మొదటి బస్సుకి వచ్చింది. "నా మొకం తెచ్చి బజార్లో యేలాడదీశావంటనే" అంది. అరవలేదు. షోకేసు అద్దం దగ్గరికెళ్ళి చాలాసేపు చూసుకుంది. బాగుందని అంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, అదీ నా బుద్ధి. తియ్యమంది. తీసిచ్చాను. "నల్లరేకు కూడా" అంది. ఆమెకి ఆ సంగతి ఎవరు చెప్పారో! లోపలికెళ్ళి, వెలుతురు సోకి పాడైన వేరే నెగెటివ్ ముక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. వెలుగుకి పట్టి చూసింది, చూపు ఆనలేదు. నమ్మింది. కొంగున ముడేసుకుంది. వెళ్తూ వెళ్తూ, కాగితానికి ఖర్చయి ఉంటుందని రెండు రూపాయలు బల్ల మీద పెట్టింది. వద్దన్నా తీసుకోలేదు.

అసలుది నా దగ్గరే ఉంది. ఇప్పటికీ. ఇనప్పెట్టెలో, ఇంటి దస్తావేజుల కింద. ఎన్నోసార్లు కాల్చేద్దామనుకున్నాను, ఆ వెలుతురు చూసి మళ్ళీ లోపల పెట్టేశాను.

అందుకని అడుగుతున్నాను, ఎవరైనా నిలదీశారా, పోలీసులొచ్చారా అని కాదు. పేజీలోంచి తీసేశావు, సరే. ఫోన్లో ఉందా? పైన క్లౌడు అంటారే, అందులో ఉందా? ఉంటే ఉందని చెప్పు, నేను తిట్టను. నాకు ఆ నోరు లేదు.

గోంగూర సీసా మూత గట్టిగా బిగించాను, శైలు తెరవలేకపోతే వేణ్ణీళ్ళలో పెట్టమను. బుజ్జిదానికి దగ్గు తగ్గిందా? చలి పోయిందని స్వెట్టర్లు అప్పుడే అటక ఎక్కించకండి. శనివారం రాత్రి మీకు తొమ్మిదైతే ఇక్కడ ఆదివారం పొద్దున, మీ అమ్మ తీరిగ్గా ఉంటుంది. అప్పుడు చెయ్యి. రెండు నిమిషాలైనా చాలు, ఆ క్యాలెండర్ గీతలు నేను చూడలేకపోతున్నాను.

మాట్లాడేటప్పుడు ఇనప్పెట్టె సంగతి ఎత్తకు. ఆ నల్లరేకు ఆ రోజే ఇచ్చేశానని మీ అమ్మకి చెప్పి ఉన్నాను.

ఆశీస్సులతో,
నాన్న