అమ్మకు, ఒక ఎర్రగడ్డ బొమ్మతో

అబర్డీన్,
ఫిబ్రవరి, ఆదివారం

అమ్మా,

నువ్వు, నాయన బాగున్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరమెందుకని అడుగుతావు. కవర్లో రెండు కాగితాలు పెట్టాను, అవి చేత్తో పట్టుకుని చూడాల్సినవి, వాట్సాప్‌లో ఫోటో పెడితే ఏమీ తెలియదు. ఒకటి ముడతలు పడి బురద రంగులో ఉంటుంది, అది నా మొదటి బొమ్మ, గండికోట. రెండోది ఎర్రగడ్డ, మన వంటింట్లో తరిగే ఉల్లిపాయే. ఆ రెండింటికీ మధ్య రెండు నెలలు.

డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకుతుంది. ఇళ్ళన్నీ బూడిద రంగు గ్రానైటు, పైన ఆకాశమూ అదే రంగు. నైట్ డ్యూటీ చేసి, పగలు పడుకుని లేచేసరికి మళ్ళీ చీకటే. అలా ఒక వారమంతా వెలుతురు చూడకుండా గడిచాక భయమేసింది. రంగులు చూడాలనిపించింది, అంతే, ఇంకే కారణమూ లేదు. వెళ్ళి 24 రంగుల డబ్బా ఒకటి, మామూలు డ్రాయింగ్ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, మనం అందరం వెళ్ళినప్పుడు తీసిన గండికోట ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెన్నా లోయ, రెండు వైపులా ఎర్రటి బండలు, కింద నీళ్ళు. మొదటి బొమ్మకే అంత పెద్దది పెట్టుకోవడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది. నీళ్ళు తగలగానే కాగితం ఉబ్బి గుంటలు పడింది, రంగంతా పోయి గుంటల్లో చేరింది, సరిచేద్దామని బ్రష్‌తో మళ్ళీ మళ్ళీ రుద్దితే పైపొర లేచి ఉండలు కట్టింది. నాకు బొమ్మలు రావు అని ఆ రాత్రే తేల్చుకున్నాను.

కానీ మా వీధి చివరి హాల్లో మంగళవారం సాయంత్రాలు వాటర్‌కలర్ నేర్పుతారని కాగితం అంటించి ఉంటే, ఒకసారి చూద్దామని ఆ బొమ్మ పట్టుకునే వెళ్ళాను. నేర్పే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. బొమ్మను చూడనే లేదు, కాగితం అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి, "నీ చేతిలో తప్పేమీ లేదు, ఈ కాగితం నీళ్ళకు పనికొచ్చేది కాదు" అన్నారు. అమ్మా, ఆ ఒక్క మాటతో నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

అందుకే, రేపు నువ్వూ వేయాలి కాబట్టి, నీకు మొదట చెప్పేది కాగితం గురించే. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న వాటర్‌కలర్ కాగితం కావాలి, నూలుతో చేసినదైతే ఇంకా మంచిది, తడి ఎంత పోసినా తట్టుకుంటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసుకుని, అంచుల చుట్టూ టేపుతో పలకకు అంటించి వేయాలి, వెనకవైపు కూడా వాడుకోవచ్చు. ఉన్న డబ్బులన్నీ కాగితం మీదే పెట్టాలి. బ్రష్ ఒక్కటి చాలు, గుండ్రటిది, 8 నంబరు, నీళ్ళలో ముంచి విదిలిస్తే మొన సూదిలా నిలవాలి. నీళ్ళకు రెండు గ్లాసులు, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్ళు తీసుకోవడానికి.

24 రంగులు అక్కర్లేదు, నాలుగు చాలు. లెమన్ ఎల్లో, పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా. చవక రంగుల్లో అసలు రంగు పొడి తగ్గించి, ఆ బరువుకు తెల్లటి పొడులు కలుపుతారు, వాటిలో బెరైటీస్ ఒకటి. అంటే మన మంగంపేట గనుల ముగ్గురాయే! నువ్వు వాకిట్లో వేసే ముగ్గురాయి పెయింట్లలోకి కూడా పోతుందని ఇక్కడికొచ్చాక తెలుసుకున్నాను. బర్న్‌ట్ సియెన్నా కూడా నీకు తెలిసిందే, ఇనుము ఉన్న పసుపు మట్టిని కాలిస్తే ఎర్రబడుతుంది, కుండ ఆవంలో ఎర్రబడినట్టు. అరుగుకు పూసే జాజు చూసినట్టే ఉంటుంది. ఇక అల్ట్రామెరీన్, ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే రాయిని నూరి చేసేవాళ్ళు, చాలా ఖరీదు. 1820లలో ఫ్రాన్సులో దాన్ని కృత్రిమంగా తయారుచేయడం కనిపెట్టాక చవకైపోయి, ఆఖరికి బట్టలకు పెట్టే నీలం పొడిలోకీ వచ్చింది. జేజి పండగకు సున్నంలో ఆ నీలం పొడి కలిపి గోడలకు కొట్టేది గుర్తుందా? ట్యూబు మూత తీయగానే నాకు ఆ గోడే గుర్తొచ్చింది. ఈ నీలం, ఆ జాజు రంగు కలిపితే చక్కటి బూడిద రంగు వస్తుంది, నలుపు రంగు కొనే పనే లేదు.

రంగుల కంటే నాకు కష్టమైంది ఇంకోటి ఉంది. నేను ప్రతిదానికీ ముందు చుట్టూ గీత గీసేదాన్ని. ఆవిడ వద్దన్నా చేయి ఆగేది కాదు. ఎందుకని ఆలోచిస్తే, పుట్టినప్పటి నుంచి నేను చూసింది గీతే కదా. నీ ముగ్గు గీతే. స్కూలు టూరులో లేపాక్షికి వెళ్ళినప్పుడు మెడలు నొప్పి పుట్టేదాకా చూసిన ఆ మండపం పైకప్పు బొమ్మలు, విజయనగరం కాలం నాటివి, వాటికీ ప్రాణం గీతే, లోపల రంగు నింపుడే. అది గొప్ప పద్ధతి, ఆ బొమ్మల్లో ఐదు వందల ఏళ్ళ నాటి చీర అంచులు కూడా ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ గీత బలమే. కానీ వాటర్‌కలర్‌లో గుండ్రటి వస్తువు గీతతో గుండ్రంగా రాదు, వెలుగునీడలతో వస్తుంది. దానికి ఆవిడ చెప్పిన కిటుకు, కళ్ళు చికిలించి చూడమని. అప్పుడు చిన్న చిన్న వివరాలన్నీ పోయి వెలుగు, నీడ, మధ్యరకం, ఈ మూడే మిగులుతాయి. రెండు మంగళవారాలు ఒక్క రంగుతో ఆ మూడే వేయించారు.

తర్వాత ఎర్రగడ్డ. వంటింట్లో నుంచి తెచ్చుకుని కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ముందు పొట్ట మీద మెరిసే చోటు ఎక్కడో చూసి పెట్టుకోవాలి, కందిబేడంత ఉంటుంది, అక్కడ రంగు తగలకూడదు, కాగితం తెలుపే మెరుపు. వాటర్‌కలర్‌లో తెలుపు వేయడం ఉండదు, వదిలిపెట్టడమే. మిగతా అంతా తడిపి, రోజ్‌లో చిటికెడు సియెన్నా కలిపి పల్చగా వదిలితే అదే పాకుతుంది. ఆరేదాకా ముట్టకూడదు, సగం ఆరినప్పుడు చేయిపెడితే నీళ్ళు విరగబడి గోబిపువ్వు లాంటి మచ్చ పడుతుంది, నేను పంపిన దాంట్లో ఎడమవైపు అడుగున ఒకటుంది చూడు. ఆరాక రంగు పాలిపోతుంది, కాబట్టి అనుకున్నదానికంటే చిక్కగానే వేయాలి. ఆఖర్న దాదాపు పొడి బ్రష్‌తో కాడ నుంచి అడుగుదాకా నిలువుగా లాగితే పొట్టు మీది నరాలు వస్తాయి. అక్కడే నా చేతిలో నీ చేయి కనిపించింది.

నా సైన్స్ రికార్డు మొత్తం నువ్వే వేసిచ్చావు. గిన్నెలు తోమి, మమ్మల్ని పడుకోబెట్టి, బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుని మందార పువ్వు నిలువుకోత వేసేదానివి. కేసరాలు ఒక్కొక్కటీ ఒకే ఊపులో లాగేదానివి, రబ్బరు ముట్టేదానివి కాదు. టీచర్ క్లాసంతా తిప్పి చూపించారు, నా పేరు చెప్పి. అది నీ బొమ్మ అని నేను ఎవరికీ చెప్పలేదు, ఇన్నేళ్ళుగా అది నా మనసులో ఉంది. మొన్న ఫోన్లో "ఈ వయసులో నాకెందుకే రంగులు" అన్నావు. నేను ముప్పై నాలుగేళ్ళకు చేయి ఆడించడం నేర్చుకుంటున్నాను, నీకు ఆ చేయి ఎప్పుడో ఉంది.

మా వార్డులో పనిచేసే మదనపల్లె అక్క మార్చిలో వస్తోంది. ఆమెతో కాగితం కట్ట, నాలుగు ట్యూబులు, బ్రష్ పంపుతున్నాను. నాయనతో చెప్పు, బ్రష్‌ను గ్లాసులో మొన కిందకు పెట్టి వదిలేయకూడదని, వంగిపోతే మళ్ళీ నిటారుగా రాదు. ఇక్కడ చలికి ఆరక నేను హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని కూర్చుంటాను, మన ప్రొద్దుటూరు ఎండకు నీకు దానికి తలకిందులుగా ఉంటుంది, బ్రష్ ఇటు తిప్పేలోపల అటు ఆరిపోతుంది. కాబట్టి ముగ్గు పెట్టి లోపలికొచ్చాక, ఎండ ఎక్కకముందే కూర్చో, ఫ్యాను ఆపెయ్, కాగితం బాగా తడుపు. ఎర్రగడ్డ తూర్పు కిటికీలో పెట్టుకో, ట్యూబ్‌లైటు వేయొద్దు, వెలుతురు ఒక్క వైపు నుంచే పడాలి. అయ్యాక ఈసారి నా పేరు కాదు, నీ పేరు ఒక్కటే కింద రాసి పంపు.

నీ కూతురు