బకాసురుడి చేత ఏడిపించకు

హనుమకొండ

ప్రియమైన శీనూ,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, పొద్దున టీ తాగుతూ మరోసారి చదివాను. బకాసురుడి నోటితోనే కథ చెప్పించాలన్న ఆలోచన భలేగా ఉంది. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకొచ్చిన మనిషి. ఈ లెక్క మనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. బండి కోసం ఎదురుచూసేవాడి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నువ్వు అడిగావు, సంతోషం.

కానీ రెండో పేజీకే వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎందుకురా? అమ్మ లేదు, నాన్న లేడు, లోకం తరిమింది అంటూ ఒకటే శోకాలు. నాకు జాలి కలగలేదు సరికదా, వాడి తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకున్నావనిపించింది.

మేరీ షెల్లీ 1818లో అచ్చువేయించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' ఉంది కదా, ఆ నవలలో నడిమి అధ్యాయాలు కొన్ని ఒక శాస్త్రవేత్త ప్రాణం పోసిన పేరులేని వికృతాకారుడే చెబుతాడు. ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకున్న కొట్టంలో నక్కి, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. మొదట్లో రాత్రిపూట వాళ్ల తిండిలో కొంత దొంగిలించేవాడు. దానివల్ల వాళ్లకు కష్టమవుతోందని గ్రహించి మానేస్తాడు. పళ్లూ దుంపలూ తిని కడుపు నింపుకుని, రాత్రికి రాత్రే వాళ్లకు కట్టెలు కొట్టి తెచ్చిపెడతాడు. తన మంచితనం గురించి తర్వాత చాలానే చెప్పుకుంటాడు గానీ, నాకు ఆ కట్టెలు చాలు. అదే నోటితో పసివాణ్ని చంపిన సంగతీ చెబుతాడు. ఆ పిల్లవాడి దగ్గర దొరికిన చిత్రాన్ని, వాళ్లింట్లో పనిచేసే జస్టిన్ అనే అమ్మాయి బట్టల మడతల్లో పెట్టానంటాడు. నేరం ఆమె మీద పడింది, ఉరితీశారు. అప్పటిదాకా వాడి మీద జాలిపడిన మనం అక్కడ ఏం చేయాలి? జాలి పోదు, కోపమూ ఆగదు. నీ కథలో నాకు దొరకనిది ఈ ఇరకాటమే.

జాన్ గార్డ్‌నర్ 1971లో రాసిన 'గ్రెండెల్' ఇంకా గడుసుది. అదీ రాక్షసుడి నోటి కథే. వాడు చీకట్లో నిలబడి రాజుగారి కొలువులో పాట వింటాడు. శాపగ్రస్తమైన జాతి తనదేనని ఆ పాట చెబుతుంటే ఏడుస్తాడు (నీవాడిలాగే). శాంతి, శాంతి అంటూ లోపలికి వెళ్తాడు, చేతుల్లో శవంతో! అది చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుందో వాడికి తట్టదు. వాళ్లు ఆయుధాలు పట్టుకుని మీద పడతారు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇదంతా పరాయి సరుకని అనకు. మన బమ్మెర పోతన బలి చక్రవర్తిని ఎలా మాట్లాడించాడు? అసురుడే, ఎదురుగా ఉన్నది విష్ణువని గురువు చెప్పాక కూడా ఇచ్చిన మాట తప్పలేదు. ఆ మాటల్లో ఏడుపు లేదు. మనమే కరిగిపోతాం.

అందుకని ఒకటి చెయ్యి. నీ బకుడు తిన్నవాళ్లలో ఒక్కడికైనా ముఖం ఇవ్వు. బండి దిగుతూ దున్నపోతుతో వాడేమన్నాడో బకుడికి గుర్తుండాలి.

భీముడి ఘట్టాన్ని నాలుగు వాక్యాల్లో దాటేశావు, అదే నాకు కోపం. తన కోసం వచ్చిన అన్నాన్ని ఎవడో వీపు తిప్పి కూర్చుని తింటున్నాడు. వెనక నుంచి రెండు చేతులతో గుద్దుతున్నా తల తిప్పడు, ముద్ద ఆపడు. తనంటే భయపడని మనిషిని బకుడు మొదటిసారి చూస్తున్నాడు, అదీ ఆకలి మీద. అక్కడ వాడి బుర్రలో ఏం తిరిగిందో రాయకుండా ఎలా వదిలావు? ముందు ఆ నాలుగు పేజీలు రాసి పంపు, మిగతాది దసరాకు వచ్చినప్పుడు పోట్లాడుకుందాం.

నీ
రవి